స్కూల్ యూనిఫాం నిబంధనలు: ఎక్కడ సర్దుకోవాలి, ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

మే నెల ఆఖరి వారంలో స్కూలు నుంచి ఒక మెసేజ్ వస్తుంది. రోజువారీ డ్రెస్ రెండు జతలు, శనివారానికి తెల్ల డ్రెస్, హౌస్ (స్కూల్లో పిల్లల జట్టు) టీషర్టు, ట్రాక్ ప్యాంటు, నల్ల బూట్లు, తెల్ల క్యాన్వాస్ బూట్లు, టై, బెల్టు, అంచుకు గీతలున్న సాక్సులు. అమ్మాయిలకు రెండు జడలు, ఫలానా రంగు రిబ్బన్లు. అబ్బాయిలకు జుట్టు చెవుల మీదికి రాకూడదు. చివర్లో ఒక వాక్యం: అన్నీ స్కూలు ఆఫీసులోనే తీసుకోవాలి. చాలా ఇళ్లలో ఆ మెసేజ్ చూసి కాసేపు విసుక్కుని, అప్పో సప్పో చేసి కట్టేస్తారు. కొద్దిమంది కౌంటర్ దగ్గర గొడవ పడతారు. అక్కడ కూర్చున్న ఉద్యోగికి ధర తగ్గించే అధికారం ఉండదు కాబట్టి ఆ గొడవతో ఏమీ తేలదు.

నేను యూనిఫాంకు వ్యతిరేకిని కాను. ఉన్నవాళ్ల పిల్లలు, లేనివాళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద ఒకే రంగు చొక్కాతో కూర్చోవడం మంచి విషయమే. కానీ ఆ మంచి కోసం పెట్టిన నియమం వ్యాపారంగా మారినా, పిల్లల్ని ఎండలో నిలబెట్టడానికి సాకుగా మారినా తల్లిదండ్రులు మాట్లాడి తీరాలి. యూనిఫాం లెక్క యాజమాన్యానికీ మనకూ మధ్య తేలాల్సింది. దాని భారం పిల్లల మీద పడకూడదు. కింద రాసిందంతా ఆ ఒక్క సంగతి కోసమే. ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రైవేటు బడుల గురించి రాస్తున్నాను. సర్కారు బడుల సంగతి కూడా కొంచెం చెబుతాను.

ముందు జాబితాను రెండుగా విడగొట్టండి

ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు "ఎలా ఉండాలి", కుడివైపు "ఎక్కడ కొనాలి" అని రాయండి. బట్ట రంగు, గళ్ల డిజైను, కాలరు, బూట్ల రంగు, టై ఇవన్నీ ఎడమవైపుకు వస్తాయి. ఇవి నిర్ణయించే హక్కు స్కూలుకు ఉంది, వాటిని పాటించడం మన బాధ్యత. "మా దగ్గరే కొనాలి", "ఫలానా షాపు బిల్లు చూపించాలి", "బయట కుట్టిస్తే లోపలికి రానివ్వం" లాంటివి కుడివైపు రాయండి. మనం ప్రశ్నించాల్సింది వీటినే.

ఈ రెండూ కలిపేసి "మీ యూనిఫాం రూల్స్ మాకొద్దు" అన్నామంటే యాజమాన్యానికి జవాబు చెప్పడం చాలా తేలిక. "క్రమశిక్షణ నచ్చని తల్లిదండ్రులు" అని మనల్ని పక్కన పెట్టేస్తారు. "రంగు, డిజైను తప్పకుండా పాటిస్తాం, కొనే చోటు మాత్రం మేం చూసుకుంటాం" అంటే దానికి కాదని చెప్పడం కష్టం.

ఈ మాటకు అధికారికంగా కూడా బలం ఉంది. 2024 మే నెలాఖరులో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) ప్రైవేటు స్కూళ్లకు ఒక ఉత్తర్వు ఇచ్చారు. యూనిఫాం, బూట్లు, బెల్టు లాంటివి స్కూలు ఆవరణలో అమ్మకూడదని, పుస్తకాలూ నోటుబుక్కులూ అమ్మినా లాభాపేక్ష లేకుండానే అమ్మాలని అందులో ఉంది. మీది వేరే జిల్లా అయితే అక్కడి డీఈఓ ఆఫీసులో ఇలాంటి ఉత్తర్వు ఉందేమో కనుక్కోండి. మీ జిల్లా కాగితమే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఇంకొకటి, 1994 జనవరి 1న వచ్చిన జీవో ఎంఎస్ నంబర్ 1. ప్రైవేటు బడుల గుర్తింపు, ఫీజులు, పాలకమండలి వంటి వాటికి ఉమ్మడి రాష్ట్రంలో పునాది ఆ జీవోనే. వసూలైన ఫీజుల్లో యాజమాన్యం లాభంగా తీసుకోదగినది 5 శాతమేనని చెప్పింది కూడా అదే. అలాంటప్పుడు టైలూ బెల్టుల మీద వేరే లాభం చూసుకోవడం ఏ లెక్కలోకి వస్తుందని నిలదీయడం న్యాయమే.

అడ్మిషన్ ఫీజు కట్టకముందే అడగాల్సినవి

డబ్బు కట్టేదాకా స్కూలు వాళ్లు మన మాట వింటారు, కట్టాక మనం వాళ్ల మాట వినాలి. అందుకే కొత్తగా చేర్పించేటప్పుడే ఇవి అడిగేయండి. యూనిఫాం మొత్తానికి ఎంతవుతుంది? డిజైను చివరిసారి ఎప్పుడు మార్చారు, మళ్లీ ఎప్పుడు మారుస్తారు? ఐదో తరగతి నుంచి ఆరుకు వెళ్తే, ఏడు నుంచి ఎనిమిదికి వెళ్తే డ్రెస్ మారుతుందా? లోగో చొక్కా మీదే కుట్టి ఉంటుందా, విడిగా ఇస్తారా? పిల్లల హౌస్ ఏటా మారుతుందా? మారితే టీషర్టు కూడా ఏటా కొత్తది కొనాల్సిందే.

లోగో ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది కానీ డబ్బంతా అక్కడే ఉంది. లోగో విడిగా ఇచ్చే స్కూలైతే చొక్కా ఎక్కడైనా కుట్టించుకుని జేబు మీద అతికించుకోవచ్చు. సాక్సుల మీద, బెల్టు బకిల్ మీద, చివరికి రిబ్బన్ మీద కూడా లోగో ఉండాలన్నారంటే మాత్రం అక్కడ అసలు ఉద్దేశం ఏమిటో ముందే తెలిసిపోతుంది. జవాబులు నోటిమాటగా వదిలేయకండి. ఇంటికొచ్చాక "ఈరోజు మీరు చెప్పిన వివరాలు ఇవీ, సరిచూడగలరు" అని స్కూలు నంబరుకు ఒక మెసేజ్ పెట్టండి. తర్వాత మాట మారితే అదే మీకు ఆధారం.

బయట కొనాలన్నా, కుట్టించాలన్నా

ఇక్కడ కాస్త ఓపిక కావాలి. రంగు కొంచెం తేడా వచ్చినా అసెంబ్లీలో ఆ బిడ్డ ఒక్కతే విడిగా కనిపిస్తుంది. స్కూలు వాళ్లకు అభ్యంతరం చెప్పడానికి అవకాశం కూడా దొరుకుతుంది. అందుకే పాత డ్రెస్ గానీ, పై తరగతి పిల్లల డ్రెస్ గానీ చేతిలో పట్టుకునే షాపుకు వెళ్లండి. ఫోనులో ఫోటో చూపిస్తే రంగు తప్పుతుంది. బట్టను షాపులో లైటు కింద చూసి తీసుకోకుండా గుమ్మం బయట పగటి వెలుగులో పాతదాని పక్కన పెట్టి చూడండి. గళ్ల బట్టయితే గడి సైజు, గళ్ల మధ్య పోయే సన్నగీత రంగు కూడా చూడాలి. నీలం గళ్లలో సన్నని ఎర్రగీత ఉందా, మెరూన్ గీత ఉందా అన్న తేడా దూరానికి కూడా తెలిసిపోతుంది.

సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ వస్త్రలత లాంటి పెద్ద బట్టల మార్కెట్లు దగ్గర్లో ఉంటే నలుగురైదుగురు తల్లులు కలిసి వెళ్లి తాను లెక్కన బేరమాడండి. ఒకే తానులో బట్ట కాబట్టి పిల్లలందరికీ రంగు కూడా ఒకేలా ఉంటుంది. చాలా మిల్లు బట్టలకు అంచు మీద ముద్ర ఉంటుంది, అందులో కాటన్ ఎంత శాతమో చూడండి. పూర్తి కాటన్ ఇస్త్రీ నిలవదు, వెలిసిపోతుంది. పూర్తి పాలిస్టర్ మన ఎండలకు పిల్లల ఒంటికి అంటుకుపోయి చెమటకాయలు లేస్తాయి. రెండూ కలిసిన బట్టే రోజువారీకి నయం.

టైలరు దగ్గరకు వెళ్లేముందు బట్టను ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయండి, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. ప్యాంటు కాళ్లకు, స్కర్టు అంచుకు లోపలివైపు రెండు మూడు అంగుళాల మడత వదలమని చెప్పండి. నడుం దగ్గర కూడా లోపల కుట్టుకు కొంచెం బట్ట వదిలించండి. జూన్‌లో కుట్టించిన ప్యాంటు సంక్రాంతికల్లా చీలమండ పైకి వచ్చేస్తుంది. అప్పుడు కొత్తది కొనకుండా మడత విప్పుకుంటే సరిపోతుంది. విప్పినచోట పాత గీత కనపడుతుందని పిల్లలు సిగ్గుపడతారు. ఆ గీత మీద కాస్త వెనిగర్ కలిపిన నీళ్లు చల్లి తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు పోతుంది. భుజాల దగ్గర మాత్రం పెద్దది కుట్టించకండి. భుజం జారిన చొక్కా వేసుకుని పిల్లవాడు రోజంతా ఇబ్బంది పడతాడు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. సాక్సు వేయించే చూడండి. ముందు బొటనవేలంత ఖాళీ ఉంటే చాలు. రెండేళ్లు వస్తాయని రెండు సైజులు పెద్దవి కొంటే ఆటల్లో పిల్లలు పడిపోతారు.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. స్కూల్లో కొన్నా అడగండి. తెల్లకాగితం మీద మొత్తం రాసి ఇస్తే "వస్తువుల వారీగా బిల్లు కావాలి" అని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే కనీసం యూపీఐలో కట్టండి, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్లిందో రికార్డు ఉంటుంది. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేది ఆ కాగితమే.

డ్రెస్ ఆరని రోజు

వానాకాలంలో ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐదో తరగతి చదివే అమ్మాయి యూనిఫాం లేకుండా బడికి వచ్చిందని ఆమెను మగపిల్లల మరుగుదొడ్డిలో నిలబెట్టారు. డ్రెస్ ఉతికాం, ఆరలేదు అని ఇంట్లోవాళ్లు డైరీలో రాసి పంపినా లాభం లేకపోయింది. ఆ వార్త బయటికి వచ్చి పెద్ద గొడవైంది. అంతదాకా రాని అవమానాలు ఎన్నో పిల్లల మనసుల్లోనే ఉండిపోతాయి.

అందుకే డైరీలో రాయడం ఒక్కటే సరిపోదు. డ్రెస్ లేకుండా పంపాల్సి వచ్చిన రోజు మూడు పనులు చేయండి. డైరీలో కారణం రాసి సంతకం పెట్టండి. ఆ పేజీ ఫోటో తీసి ప్రేయర్‌కు ముందే క్లాస్ టీచర్‌కు పంపండి. వీలైతే గేటు దాకా మీరే వెళ్లి పీటీ సార్‌కో, వాచ్‌మన్‌కో ఒక మాట చెప్పండి. డైరీలో రాత సూటిగా ఉండాలి:

"టీచర్ గారికి నమస్కారం. నిన్న వాన వల్ల పాప యూనిఫాం ఆరలేదు. ఈరోజుకు మామూలు డ్రెస్‌లో పంపుతున్నాను. ఇందులో పాప తప్పేమీ లేదు. ఏదైనా చెప్పాలనుకుంటే దయచేసి నాకు ఫోన్ చేయండి."

"పాప తప్పేమీ లేదు" అన్న వాక్యం వదిలేయకండి. ఆ ఒక్క మాటతో టీచర్ మాట్లాడాల్సింది పాపతో కాదు, మీతో అని తేలిపోతుంది. చాలామంది టీచర్లు మంచివాళ్లే, పైనుంచి ఒత్తిడి ఉండి పిల్లల్ని అడుగుతారు. మీ రాత చూపించి వాళ్లు కూడా ఇన్‌ఛార్జికి జవాబు చెప్పుకోగలుగుతారు.

మినహాయింపు అడగాల్సిన సందర్భాలు

కొన్ని నియమాలు కొందరు పిల్లలకు నిజంగానే బాధ కలిగిస్తాయి. అన్నింటికన్నా ముందు చెప్పాల్సింది అమ్మాయిల తెల్ల డ్రెస్ గురించి. మాకు తెలిసిన ఇంట్లో ఏడో తరగతి అమ్మాయి ఉన్నట్టుండి శనివారాలు కడుపునొప్పి అని బడి మానడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ మెల్లగా అడిగితే తేలింది, ఆ రోజు వేసుకోవాల్సిన తెల్ల స్కర్టే కారణమని. నెలసరి రోజు కాకపోయినా, అవుతుందేమో అన్న భయంతో పీటీ పీరియడ్ అంతా గోడకు ఆనుకుని నిలబడేదట. ఆ తల్లి ఇంకో ముగ్గురు తల్లుల్ని కలుపుకుని వైస్ ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరకు వెళ్లింది. ఆరో తరగతి నుంచి అమ్మాయిలకు శనివారం కూడా ముదురు నీలం స్కర్టు వేసుకోనివ్వమని, పైన తెల్ల చొక్కా అలాగే ఉంచుతామని అడిగారు. ఒప్పుకున్నారు. అడిగే దాకా ఆ సమస్య అక్కడ ఎవరి చెవినా పడలేదు. మీ స్కూల్లో తెల్ల డ్రెస్ ఉంటే మీ అమ్మాయిని ఈరోజే అడగండి. తండ్రులు కూడా ఈ విషయం ప్రిన్సిపల్‌తో మాట్లాడటానికి మొహమాట పడకూడదు.

ఇదే వరుసలో పొట్టి స్కర్టులు. మెట్లెక్కేటప్పుడు, కింద కూర్చునేటప్పుడు అమ్మాయిలు పడే ఇబ్బంది మనకు తెలుసు. కేరళలో ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల 2018లోనే ఆడా మగా పిల్లలందరికీ మోకాళ్ల కింది దాకా వచ్చే ప్యాంటు, చొక్కా పెట్టింది. పిల్లలు హాయిగా పరిగెత్తుతున్నారు. కనీసం "ప్యాంటు గానీ స్కర్టు గానీ, ఏది కావాలంటే అది" అన్న వీలు అడగడంలో తప్పేమీ లేదు.

చర్మ సమస్యలు, చెమటకాయలు, ఆస్తమా ఉన్న పిల్లలకు, బిగుతు బట్టలు ఓర్చుకోలేని ఆటిజం పిల్లలకు డాక్టరు చీటీ జతచేసి అడగండి. "టై, ఉన్ని సాక్సులు వద్దు, కాటన్ బట్ట కావాలి" అని ఏం కావాలో డాక్టరు చేతే రాయించండి. ఉత్త "స్కిన్ అలర్జీ" అని రాస్తే స్కూలు వాళ్లకు ఏం చేయాలో అర్థం కాదు. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలయ్యాక టై, కోటు, మూసిన బూట్ల నుంచి అందరు పిల్లలకూ సడలింపు అడగవచ్చు. ఎండాకాలంలో ఈ మాట కాదనే ప్రిన్సిపల్ అరుదు.

మతం, ఆచారం విషయంలో ముందుచూపు చాలా అవసరం. నవంబరు నుంచి జనవరి దాకా మన దగ్గర ఎంతోమంది పిల్లలు అయ్యప్ప మాల వేసుకుంటారు. మాల వేయించడానికి ఓ వారం ముందే వెళ్లి చెప్పండి. యూనిఫాం మీద నల్ల కండువా వేసుకుని, బూట్లు లేకుండా రావడానికి ఒప్పుకున్న స్కూళ్లు ఉన్నాయి. మాల వేశాక నల్లబట్టలతో నేరుగా పంపి, గేటు దగ్గర ఆపితే ఫోన్ చేసి జనాన్ని పిలవడం మాత్రం చేయకండి. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్ష బట్టల విషయంలో మొదలైన వివాదం స్కూలు మీద దాడి దాకా వెళ్లింది. అలాంటి రోజు లోపల మిగతా పిల్లలు ఎంత భయపడి ఉంటారో ఆలోచించండి. తలకు స్కార్ఫ్ కట్టుకునే అమ్మాయిలైనా, పట్కా కట్టుకునే సిక్కు పిల్లలైనా ఇంతే, చేర్పించేటప్పుడే రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోవాలి. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చి, తగిన ధర్మాసనం కోసం విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి పంపారు. కాబట్టి "మా హక్కు" అనో "మా రూలు" అనో ఇరువైపులా గట్టిగా పట్టుకోకుండా, యూనిఫాం రంగు స్కార్ఫ్ లాంటి మధ్యేమార్గం దగ్గర మాట కలిపితే పిల్ల చదువు ఆగదు.

పూలు, గాజులు, బొట్టు, గోరింటాకు గురించి ఒక మాట. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నందుకు చేతుల మీద కొట్టారన్న కథలు ఏటా వింటూనే ఉంటాం. గోరింటాకు కడిగితే పోయేది కాదు. అందుకని పండగకు ముందే తల్లులు కలిసి "ఈ పది రోజులు చేతుల రంగు చూసి ఏమీ అనకండి" అని చెప్పేస్తే సరిపోతుంది. ప్రయోగశాలలో, ఆటస్థలంలో గాజులూ వేలాడే కమ్మలూ వద్దనడం మాత్రం భద్రత కోసం. అక్కడ స్కూలు మాటే వినండి.

ప్రిన్సిపల్‌కు లేఖ ఎలా రాయాలి

మౌఖికంగా ఒకసారి మాట్లాడండి. వారం దాటినా ఏమీ కదలకపోతే కాగితం మీదికి రండి. ఒక పేజీ మించకూడదు. కోపం రాయకండి, అడుగుతున్నది రాయండి. ఒక లేఖలో ఒకటే విషయం ఉండాలి. ఫీజులూ బస్సూ క్యాంటీనూ అన్నీ కలిపితే దేనికీ జవాబు రాదు.

"గౌరవనీయులైన ప్రిన్సిపల్ గారికి,

నేను ఫలానా తరగతి, ఫలానా సెక్షన్ విద్యార్థి తల్లిని/తండ్రిని. స్కూలు నిర్ణయించిన యూనిఫాం రంగు, డిజైను మేము పూర్తిగా పాటిస్తున్నాం. ఫలానా తేదీన వచ్చిన మెసేజ్‌లో యూనిఫాం, బూట్లు స్కూలు ఆఫీసులోనే కొనాలని ఉంది. అదే నాణ్యత గల బట్ట, బూట్లు బయట మాకు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. బయట కొనుక్కోవడానికి అనుమతిస్తున్నట్టు రాతపూర్వకంగా తెలియజేయగలరు. లోగో మాత్రం స్కూలు నుంచి తీసుకుంటాం. ఈ విషయం తేలేవరకు మా అబ్బాయిని/అమ్మాయిని తరగతిలో గానీ అసెంబ్లీలో గానీ దీని గురించి అడగవద్దని మనవి.

ఇట్లు, (పేరు, ఫోన్ నంబరు, తేదీ)"

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపండి లేదా స్కూలు ఈమెయిల్‌కు స్కాన్ చేసి పంపండి. ఆఫీసులో గొంతు పెంచాల్సిన పనే లేదు, తేదీ వేసిన కాగితం చేతిలో ఉంటే చాలు.

ఒంటరిగా వెళ్లకండి

"మీరొక్కరే అడుగుతున్నారు, మిగతా ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నది స్కూళ్లలో తరచూ వినే జవాబు. దీనికి మందు, సంతకాలు. మీ తరగతి తల్లిదండ్రుల్లో పదిమంది ఒకే లేఖ మీద సంతకం పెడితే ఏ ఒక్క పిల్లవాడి మీదా కక్ష కట్టే అవకాశం తగ్గుతుంది. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి ఆవేశంగా మెసేజ్‌లు పెట్టేవాళ్లలో సగం మంది సంతకం దగ్గర వెనక్కి తగ్గుతారు. వాళ్లను తప్పు పట్టకండి, వాళ్ల భయం పిల్లల గురించే. గ్రూపులో టీచర్ల పేర్లు పెట్టి తిట్టడం, వెక్కిరించే బొమ్మలు పెట్టడం జరగకుండా చూడండి. స్క్రీన్‌షాట్ మర్నాటికల్లా ఆఫీసుకు చేరుతుంది, చర్చ యూనిఫాం మీద నుంచి మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది.

ఇద్దరు ముగ్గుర్ని మాట్లాడటానికి ఎంచుకోండి. లెక్కలు చెప్పగలిగేవాళ్లు ఒకరుండాలి. స్కూలు ధర, బయటి ధర పక్కపక్కన వేసిన ఒక చిన్న పట్టిక, రెండు బిల్లులు, రెండు చొక్కాలు టేబుల్ మీద పెడితే అరగంట ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది. తల్లిదండ్రులూ టీచర్ల కమిటీ ఉంటే దాని సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టించి, మినిట్స్‌లో రాయించండి.

పిల్లవాడికి శిక్ష పడితే

ఇక్కడ సర్దుబాటు లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ఎండలో నిలబెట్టడం, అసెంబ్లీలో పేరు పిలిచి నవ్వించడం, క్లాసు బయట కూర్చోబెట్టడం, అందరి ముందు జుట్టు కత్తిరించడం ఇవన్నీ క్రమశిక్షణ కిందకి రావు. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బిడ్డను బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. "టీసీ ఇచ్చేస్తాం" అని బెదిరిస్తే ఈ సెక్షన్ నంబరు గుర్తుచేయండి.

బిడ్డ ఏడుస్తూ ఇంటికొస్తే ముందు అన్నం పెట్టండి. తర్వాత ఏం జరిగిందో ఒక్కసారే, మధ్యలో ఆపకుండా చెప్పనివ్వండి. అది తన మాటల్లోనే తేదీ, సమయం, అక్కడున్నవాళ్లతో సహా రాసుకోండి. బంధువులు వచ్చినప్పుడల్లా మళ్లీ మళ్లీ చెప్పించకండి, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి. ఆ వీడియో తన స్నేహితులు చూస్తారన్న సంగతి బిడ్డకు మనకంటే బాగా తెలుసు. దెబ్బలుంటే డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి. మర్నాడు లేఖతో ప్రిన్సిపల్‌ను కలవండి. గాయమైనా, జరిగింది తీవ్రమైనదైనా స్కూలు జవాబు కోసం ఆగకండి. 1098 చైల్డ్‌లైన్‌కు ఫోన్ చేయండి, అవసరమైతే పోలీసుల దగ్గరకు వెళ్లండి.

ఇంట్లో బిడ్డ ముందు టీచర్‌ను తిట్టకండి. రేపు అదే టీచర్ ముందు కూర్చుని లెక్కలు నేర్చుకోవాల్సింది తనే. "ఇది పెద్దవాళ్లం మాట్లాడుకుంటాం, నువ్వు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నమాట చాలు.

స్కూలు వినకపోతే

మండల విద్యాధికారికి, ఆపైన డీఈఓకు రాయండి. స్కూలుకు ఇచ్చిన లేఖ కాపీ, బిల్లులు, మెసేజ్ ప్రింట్లు జతచేయండి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రెండుచోట్లా అర్జీకి నంబరు ఇస్తారు, దాన్ని జాగ్రత్త పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు 2019 చట్టంతో ఏర్పడిన పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ కూడా ఉంది. పిల్లల మీద వేధింపు విషయమైతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు రాయవచ్చు. నాసిరకం బట్ట అంటగట్టి మార్చమంటే మార్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అర్జీలో "స్కూలు మూసేయాలి" లాంటివి అడగకండి. "యూనిఫాం బయట కొనుక్కోవచ్చని స్కూలు నోటీసు బోర్డులో పెట్టించండి" అని అడగండి. అధికారికి చేయగలిగిన పని చెబితే చేస్తారు.

సర్కారు బడిలో అయితే డ్రెస్ ఉచితంగానే వస్తుంది, గొడవ ఆలస్యం గురించీ కొలతల గురించీ. తెలంగాణలో మహిళా సంఘాల సభ్యులు కుడుతున్నారు. కొలతలు తీసే రోజు పిల్లవాణ్ని తప్పకుండా బడికి పంపండి. ఆరోజు రానివాళ్లకు అందాజుగా కుట్టింది వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కిట్టులో బట్ట వస్తుంది, కుట్టించుకోవడం మన పని. జూన్‌లో టైలర్ల దగ్గర రద్దీ కాబట్టి బట్ట చేతికొచ్చిన రోజే ఇచ్చేయండి. డ్రెస్ ఇంకా అందలేదన్న కారణంతో ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. పంపితే హెడ్‌మాస్టర్ గారినే నేరుగా కలవండి, చాలావరకు అక్కడే అయిపోతుంది.

ఏప్రిల్‌లో చేయాల్సిన పని

పరీక్షలయ్యాక పొట్టివైపోయిన డ్రెస్‌లు గిన్నెలు తుడిచే గుడ్డలుగా మారకముందే తరగతి తల్లులు ఒక మార్పిడి పెట్టుకోండి. ఇంగ్లండ్‌లో యూనిఫాం ఖర్చు తగ్గించడానికి 2021లో చట్టమే తెచ్చారు. లోగో ఉన్న వస్తువులు వీలైనంత తగ్గించాలని, వాడిన యూనిఫాంలు దొరికే ఏర్పాటు స్కూళ్లు చూడాలని మార్గదర్శకాల్లో పెట్టారు. అక్కడున్న మన తెలుగువాళ్లు కూడా వాటిని మామూలుగా తీసుకుంటున్నారు. ఇక్కడ మాత్రం "పాతబట్టలా?" అన్న సంకోచం ఉంటుంది. అందుకని పేర్లు పెట్టకుండా చేయండి. ఒక ఇంట్లో సైజుల వారీగా సంచులు పెట్టి, ఇచ్చేవాళ్లు ఇచ్చి, తీసుకునేవాళ్లు తీసుకుని వెళ్లేలా చూడండి. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో ఎక్కడా రాయొద్దు.

ఇచ్చేముందు ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, జేబులు ఒకసారి తడిమి చూడండి. కాలరు లోపల రాసిన పేరు చెరిపేయండి. ప్యాంటు మడతలో ఇంకా ఎంత బట్ట మిగిలిందో ఒక చీటీ మీద రాసి పిన్ను పెడితే తీసుకునే తల్లికి సుళువవుతుంది. టైలు, బెల్టులు, కోట్లు చాలా ఏళ్లు మన్నుతాయి కాబట్టి మొదట అవే సేకరించండి. బూట్లు మాత్రం వాడినవి వద్దు, ఒకరి పాదానికి సర్దుకున్నవి ఇంకొకరికి కరుస్తాయి. ఈ పని మే మొదటివారానికల్లా అయిపోవాలి. ఆ తర్వాత స్కూలు మెసేజ్ వచ్చేసరికి ఇంట్లో ఏముందో, ఏం కొనాలో మీ చేతిలో లెక్క ఉంటుంది.